పెట్రోలు ధరయు, బడి దారియు

(హోసూరులో మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో మాటలాడుట వాడుక. ఆ సంగతులన్నియు నివేదికలో అచ్చయి మీ చేతికి వచ్చియున్నవి. వానిని మరల చదివి మీ కాలమును హరింపదలచుకొనలేదు. నేడు మేము పెట్రోలును గూర్చి మాటలాడ నెంచినాము. బడిపంతుళ్లకు పెట్రోలు బంకుతో ఏమి పనియని కొందరు నవ్వుకొనవచ్చును. పిల్లల చేరికల పుస్తకమును, సెలవు చీటీలను ఏటేట చూచుచున్న మాకు ఆ పని ఉన్నదనియే తోచుచున్నది. బడి మార్పు పత్రము కొరకు వచ్చిన తల్లిదండ్రులను కారణ మడిగినప్పుడు, చదువు బాగుగా లేదన్నవారు తక్కువ. "బండి ఖర్చు తాళలేకున్నామండీ, మా వీధి చివరనే ఒక బడి ఉన్నది" అన్నవారే ఎక్కువ.

కావున ఈ విషయమును కొంచెము వెనుకనుండి చూతము. మన దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు వంతులకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది. అక్కడ యుద్ధము వచ్చినను, ఓడలు ఆగినను, ఇక్కడ లెక్క మారును. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు ఎగుమతిని బిగబట్టగా, పీపా మూడు డాలర్లకు దొరకుచుండిన ముడిచమురు 1974 జనవరి నాటికి పండ్రెండు డాలర్లను సమీపించెను. 1973 నవంబరులో పెట్రోలు ధర పెంపునకు నిరసనగా అటల్ బిహారీ వాజపేయిగారు ఎడ్లబండి యెక్కి పార్లమెంటుకు వెళ్లిరి. ఆ వార్త దేశమంతట ప్రాకినది గాని, సొంత మోటారు బండి గలవారు ఆనాడు ఊరికి ఎందరు? మన పెద్దలకు సైకిలుండిన అదియే వైభోగము. పెట్రోలు ధర కారుగలవారి కష్టముగానే వారికి తోచియుండును.

ఆ స్థితిని మార్చినది ఎక్కడనో పుట్టిన యంత్రము కాదు. 1980లో మన హోసూరు కర్మాగారమునుండియే టీ.వీ.ఎస్. 50 అను మోపెడ్ వెలువడినది. ఇద్దరు కూర్చుండుటకు వీలైన మోపెడ్. దాని మీద పాలక్యానులు పోయినవి, పసుల మేత పోయినది, బియ్యపు మూటలు పోయినవి, బడిపిల్లలును పోయిరి. అప్పటినుండి పెట్రోలు అనునది ఉప్పు, పప్పు, కిరసనాయిలుతో పాటు సామాన్యుని ఇంటి పద్దులోనికి వచ్చి కూర్చున్నది. నేడు మన పాఠశాల ముందు సాయంకాలము నాలుగు గంటల వేళ నిలుచు వాహనములను చూచిన ఎవరికైనను ఈ సంగతి తెలియగలదు.

ధరను నిర్ణయించు పద్ధతియు మారినది. చాలకాలము ప్రభుత్వమే ధర నిర్ణయించుచుండెను. 2010 జూనులో పెట్రోలు ధరయు, 2014 అక్టోబరులో డీజిలు ధరయు నియంత్రణనుండి విడుదలయ్యెను. 2017 జూను 16 నుండి దేశమంతట దినదినము ధరను సవరించు పద్ధతి వచ్చెను. ఈ నడుమ జరిగిన ఒక విశేషమును చెప్పవలెను. 2010 తరువాత పెట్రోలు ధర పైకి పోవుచుండగా డీజిలు ధరను అదిమిపట్టినందున రెంటికిని నడుమ అంతరము మిక్కిలి పెరిగినది. కార్లు కొనువారు వెంటనే డీజిలువైపు మొగ్గిరి. 2012-13లో దేశమున అమ్ముడైన కార్లలో సగమునకు మించి డీజిలువే. 2013 జనవరినుండి డీజిలు ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకొనుచు రాగా అంతరము తగ్గినది; ఆ మోజును తగ్గినది. జనులు ధరకు లోబడి ప్రయాణము మానుకొనలేదు. బండి మార్చిరి, అంతే.

ముడిచమురు ధర తగ్గినప్పుడు మనకు తగ్గవలెను గదా యని అడుగువారున్నారు. తగ్గవలెననుట న్యాయమే. కాని లీటరు ధరలో కేంద్ర సుంకమును, రాష్ట్రపు పన్నును పెద్ద భాగములు. 2020లో కరోనా వలన లోకమంతట వాహనములు నిలిచి ముడిచమురు ధర పడిపోయినప్పుడు, ఆ మార్చిలో ఒకసారియు, మేలో ఒకసారియు కేంద్ర సుంకము పెరిగి, పెట్రోలు లీటరుకు మొత్తము 13 రూపాయలు, డీజిలుకు 16 రూపాయలు అదనముగా చేరినవి. మరుసటి సంవత్సరము, అనగా 2021 జూలై 2వ తేదీన, చెన్నైలో పెట్రోలు నూరు రూపాయలు దాటినది. ఆ ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వము 3 రూపాయలు తగ్గించినది. కేంద్రము నవంబరులో 5 రూపాయలు, 2022 మేలో 8 రూపాయలు సుంకము తగ్గించినది. నడుమ ధర మరల పెరిగినందున, ఇన్ని తగ్గింపుల తరువాతను, 2024 మార్చిలో మరి రెండు రూపాయలు తగ్గిన పిమ్మటను, చెన్నై ధర 100 రూపాయల 75 పైసలుగా నిలిచినది.

ఇక మన నడవడిని చూతము. బంకులో నిలిచి "రెండు లీటర్లు పోయుము" అనువారు ఎందరు? మనలో నూటికి తొంబదిమంది "నూరు రూపాయలకు పోయుము" అందుము. లీటరు ఎనుబది రూపాయలున్నప్పుడును నూరే, నూటరెండున్నప్పుడును నూరే. కావున ధర పెరిగిన సంగతి బంకు దగ్గర మనకు బాధ కలిగింపదు. శనివారము వరకు రావలసిన పెట్రోలు గురువారము సాయంకాలమే అయిపోయి, బండి నడిబజారున నిలిచినప్పుడు తెలియును. తెలిసిన పిమ్మట మనము చేయునది మరల నూరు రూపాయలకు పోయించుటయే. ఆదివారము బంధువుల ఇంటికి పోవుట మానుకొందుము, గుడికి పోవుట తగ్గింతుము. ఫ్యాక్టరీ పనికి పోక తప్పదు, సంతకు పోక తప్పదు. మానుకొనదగినవేవి, మానరానివేవి యను పట్టిక ఒకటి, ఎవరును కాగితముపై వ్రాయకయే, ఇంటింట తయారగుచున్నది. ఆ పట్టికలో పిల్లవాని తెలుగు బడి ఏ వరుసలో ఉన్నదన్నదే మా ప్రశ్న.

మానరాని ప్రయాణములు అంత దూరమేల అయినవి? ఊరిలో అద్దెలు, స్థలముల ధరలు పెరిగినందున, మనవారిలో చాలమంది ఊరి పొలిమేరలు దాటి, చౌకగా దొరకిన చోట స్థలము కొని ఇండ్లు కట్టుకొనిరి. తప్పని మేమనము, సొంత ఇల్లు ఎవరికి చేదు? కాని స్థలములో మిగిలిన సొమ్ము దినదినము పెట్రోలు రూపమున తిరిగి చెల్లింపవలసి వచ్చుచున్నది. స్థలము కొనునాడు గజము ధర అడిగినవారు, అచ్చటికి బస్సు ఎన్నిమారులు వచ్చునని అడుగరు. ఇంటి చోటు నిశ్చయమైన నాడే నెలకు కావలసిన పెట్రోలులో ముప్పాతిక వంతు నిశ్చయమైపోవును. తరువాత బంకు ధరను తిట్టుకొనుట మిగిలిన పాతిక వంతును గూర్చియే.

సరిహద్దు ఊరివారము గనుక మనకు మరియొక అలవాటు కలదు. ఇచ్చటినుండి అత్తిబెలెకు ఇంచుమించు ఏడెనిమిది కిలోమీటర్లు. అది దాటిన కర్ణాటక రాష్ట్రము, వేరు పన్ను, వేరు ధర. 2024 మార్చి నుండి జూను నడుమ వరకు బెంగుళూరులో పెట్రోలు 99 రూపాయల 84 పైసలు. హోసూరులో రవాణా ఖర్చు చేరుటచే చెన్నై కంటెను కొంత ఎక్కువ. డీజిలు అప్పుడు బెంగుళూరులో చెన్నై కంటె ఆరు రూపాయలకు పైగా చౌకగా నుండెను. రెండు మూడు వందల లీటర్లు పట్టు లారీకి అచ్చట నింపుకొనుట వలన వేయి రూపాయలకు మించి మిగులుచుండెను. లారీవాడు ఆ పని చేయకున్న ఆశ్చర్యపడవలెను. బెంగుళూరులో ఉద్యోగము చేయువారు వచ్చు దారిలో నింపుకొనుటయు సరియే. కాని నాలుగు లీటర్ల ట్యాంకు గల బండి తీసికొని పనిగట్టుకొని అచ్చటికి పోయివచ్చువారిని గూర్చి ఏమనవలెను? లీటరుకు రెండున్నర రూపాయలు మిగిలినను మొత్తము పది రూపాయలు. రాకపోకలకు పదునారు కిలోమీటర్లు, అనగా ముప్పది రూపాయలకు పైగా పెట్రోలు. మా ఏడవ తరగతి పిల్లలకు ఈ లెక్క ఇచ్చినాము. వారు నవ్వుకొనుచు చేసిరి, మరునాడు ఇంటిలో చెప్పి చీవాట్లు తినిరి కూడను.

ఆ లాభమైనను నిలువలేదు. 2024 జూను 15న కర్ణాటక ప్రభుత్వము అమ్మకపు పన్ను పెంచగా అచ్చటి పెట్రోలు మూడు రూపాయలు పెరిగి 102 రూపాయలు దాటెను. పెట్రోలు కొరకు సరిహద్దు దాటుటకు కారణము ఆ ఒక్క దినముతో ఇంచుమించు తుడిచిపెట్టుకొని పోయినది. డీజిలు మాత్రము అప్పటికిని అచ్చటనే చౌకగా నుండెను. 2025 ఏప్రిలులో దానిమీదను మరి రెండు రూపాయలు చేరెను. ఆంధ్రదేశపు పన్ను మన పన్ను కంటె ఎక్కువ గనుక, కుప్పము వైపునుండి పెండ్లిండ్లకు వచ్చు మన చుట్టములు తిరుగు ప్రయాణమున ఇచ్చట ట్యాంకు నింపుకొని పోవుట మీరెరుగుదురు. గోదావరి తీరమున తెలుగువారి ఊరైన యానాము పుదుచ్చేరి పాలనలో నున్నందున పెట్రోలు చౌక. కాకినాడ, కోనసీమల వారు అచ్చటికి పోయి నింపుకొందురు. ఒకే భాష మాటలాడువారము నాలుగు పన్నుల క్రింద ఉన్నాము.

హోసూరు వారికి పెట్రోలు ధరతో మరియొక సంబంధము కలదు. మన కూలి, మన జీతము చాలవరకు వాహనముల వలననే వచ్చుచున్నవి. లారీలు, మోటారు సైకిళ్లు, వాని భాగములు ఇచ్చట తయారగుచున్నవి. 2019లో దేశమంతట వాహనముల అమ్మకములు తగ్గినప్పుడు ఇచ్చటి కర్మాగారములలో పనిలేని దినములు ప్రకటింపబడినవి. శాశ్వత ఉద్యోగులకు అది సెలవు; కాంట్రాక్టు పనివారికి కూలి నష్టము. ఇతర ఊళ్లలో పెట్రోలు ధర పెరిగిన ఖర్చు పెరుగును. మన ఊరిలో బండ్లు కొనువారు వెనుకాడిన రాబడియు తగ్గును. ఇప్పుడు విద్యుత్తు బండ్లు కూడ మన జిల్లాలోనే తయారగుచున్నవి. వానిని కొనదలచినవారు కొనవచ్చును. పెట్రోలు బెడద కొంత తప్పును. అయితే అప్పు వాయిదా పెట్రోలు కంటె తప్పనిసరి యని గుర్తుంచుకొనవలెను. ఆ బండ్లకు కేంద్రమిచ్చు సహాయము 2023 జూనులో తగ్గగా వాని అమ్మకములును ఆ నెల తగ్గిపోయినవి. ధరకు జనులు ఎంత త్వరగా తలయొగ్గుదురో అదియు ఒక సాక్ష్యము.

ఇక బడి సంగతి. తమిళ బడి గాని ఇంగ్లీషు బడి గాని ప్రతి వీధిలో దొరకును. తెలుగు బడి అట్లు దొరకదు. తరతరములుగా ఈ నేలమీదనే పుట్టి పెరిగిన తెలుగువారము గాని, మన అక్షరములు నేర్పు బడి ఏ నాలుగు ఊళ్లకో ఒకటి. కావున మన పిల్లలకు ఇతరుల పిల్లల కంటె దారి ఎక్కువ. దారి ఎక్కువైనవానికే పెట్రోలు ధర ఎక్కువగా తగులును. 2021 సెప్టెంబరులో పై తరగతులును, నవంబరులో చిన్న తరగతులును మరల తెరచినప్పుడు పెట్రోలు నూరు రూపాయల చుట్టు తిరుగుచుండెను; కరోనా వలన రాబడులు దెబ్బతినియుండెను. అప్పుడు చిన్న తరగతుల పిల్లలు కొందరు తిరిగి రాలేదు. వారు ఇంటివద్ద తెలుగే మాటలాడుచున్నారు. తెలుగులో తమ పేరు మాత్రము వ్రాయలేరు. అమ్మమ్మ ఊరినుండి వచ్చిన శుభలేఖను తమిళములోనో, ఇంగ్లీషులోనో చదివి వినిపింపుమని అడుగుచున్నారు. ఒక ఇంటిలో పెట్రోలు ఖర్చు తగ్గించుకొనదలచినప్పుడు మొట్టమొదట తగ్గినది తెలుగు అక్షరము.

తల్లిదండ్రులను నిందించుటకు మేమీ మాట చెప్పలేదు. లెక్క చూపుటకు చెప్పినాము. బడికి ఆరు కిలోమీటర్ల దూరమున నున్న ఇల్లు ఒకటి అనుకొందము. తండ్రి ఉదయము పిల్లవానిని దించి ఇంటికి పోవును, సాయంకాలము వచ్చి తీసికొనిపోవును. దినమునకు ఇరువదినాలుగు కిలోమీటర్లు. నెలకు ఇరువదిరెండు పనిదినములైన 528 కిలోమీటర్లు. లీటరుకు యాబది కిలోమీటర్లు ఇచ్చు బండికి పదిన్నర లీటర్లకు కొంచెము పైన. లీటరు నూరు రూపాయలనుకొన్న నెలకు 1,056 రూపాయలు. ఇప్పుడు లీటరుకు ఐదు రూపాయలు పెరిగినదనుకొనుడు. అదనపు ఖర్చు నెలకు 53 రూపాయలు. ఆ యాబదిమూడు రూపాయల కొరకు ఇంటిలో ఎంత చర్చ జరుగును! కాని ఆ ఇరువదినాలుగు కిలోమీటర్లలో పిల్లవాడు బండిమీద కూర్చున్నది పండ్రెండే. మిగిలిన పండ్రెండు కిలోమీటర్లు తండ్రి ఒంటరిగా పోయి వచ్చినవి. వాని వెల నెలకు 528 రూపాయలు. దానిని గూర్చి చర్చించిన ఇల్లు మాకింతవరకు కనబడలేదు.

ఆ ఒంటరి ప్రయాణమును తగ్గించు దారులున్నవి. తండ్రి పనికి పోవు దారిలోనే బడి యున్నచో, ఒక అరగంట ముందుగా బయలుదేరి పిల్లవానిని దించి అటే పోవచ్చును. ఉదయము ఏడున్నరకే బడి గేటు తెరచి, ఒక ఉపాధ్యాయుడు వరండాలో ఉండునట్లు ఏర్పాటు చేసినాము. సాయంకాలమునకు బస్సు కలదు. మన రాష్ట్రమున విద్యార్థులకు ఉచిత బస్సు పాసు ఉన్నది. 2021 మే 8 నుండి సాధారణ టౌను బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. అనగా అమ్మగాని, అమ్మమ్మగాని, నాయనమ్మగాని వచ్చి పిల్లవానిని తీసికొనిపోయినను పైస ఖర్చు లేదు. ఈ సౌకర్యము వచ్చిన పిమ్మట మా గేటువద్ద బామ్మల సంఖ్య పెరిగినది. వారు ఒక గంట ముందుగానే వచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండి ఊరి సంగతులన్నియు తేల్చివేయుచున్నారు. అది మాకు నచ్చినది కూడను. బస్సు ఆలస్యముగా వచ్చును, క్రిక్కిరిసి వచ్చును, ఒక్కొక్కప్పుడు నిలువకయే పోవును. మేమెరుగుదుము. నాలుగు గంటల పది నిమిషముల బస్సు పిల్లలకు అందవలెనని కడపటి గంటను పది నిమిషములు ముందుకు జరిపినాము. వ్యాయామ ఉపాధ్యాయులవారు ఆటల పీరియడు తగ్గినదని కొన్నాళ్లు మాతో మాటలాడలేదు.

ఆటోల విషయము వేరు. దీనిని కొంచెము గట్టిగానే చెప్పవలసియున్నది. ఇంధనము ధర పెరిగినప్పుడు ఆటోవాడు నెల కిరాయి పెంచుమని అడుగును. మనము అంగీకరింపము. ఒకరు ఒప్పుకొన్నను పదిమంది కాదందురు. అతడు తన బ్రతుకు తాను చూచుకొనవలెను గదా! కిరాయి పెంచక, మరి ఇద్దరు పిల్లలను ఎక్కించుకొనును. సంచులు వెలుపల వ్రేలాడును, ఒక పిల్లవాడు డ్రైవరు ప్రక్కన అంచుమీద కూర్చుండును. ఆటోవాని దురాశయని మనము తిట్టుదుము. ఆ ఇద్దరు పిల్లలను అందులో ఎక్కించినది మన బేరము. తలకు నెలకు ఇంతయని న్యాయముగా పెంచి, అనుమతించిన సంఖ్యకు మించి ఒక్క పిల్లవానినైనను ఎక్కింపరాదని అందరు తల్లిదండ్రులు కలిసి ఒక్కమాటగా చెప్పిన అతడు వినును. ఒక్కొక్కరు విడివిడిగా చెప్పిన వినడు, వినలేడు. ఖర్చు కలిసివచ్చునని ఒకే మోపెడ్ మీద ముగ్గురు పిల్లలను కూర్చుండబెట్టి తెచ్చువారికిని ఇదే మనవి. వెనుక ఒక్కరికే చట్టము అనుమతించుచున్నది. మూడు కిలోమీటర్ల లోపల నున్న పెద్ద పిల్లలు నలుగురైదుగురు కలిసి సైకిళ్లమీద రావచ్చును. వారి తాతలు అట్లే వచ్చిరి. అయితే ఆనాడు ఈ రోడ్లమీద ఇన్ని లారీలు లేవు గనుక, జాతీయ రహదారి దాటవలసిన పిల్లలకు సైకిలు వద్దనియే మా అభిప్రాయము.

కార్యాలయములో ఒక పుస్తకము ఉంచినాము. మీ వీధి పేరు, పిల్లల తరగతులు, ఉదయము మీరు బయలుదేరు వేళ, బస్సులో రాగల పెద్దలు ఇంటిలో ఎవరైన ఉన్నారా యన్న సంగతి అందులో వ్రాయుడు. ఒకే వైపునుండి వచ్చువారి పేర్లను ఒకచోట చేర్చి, ఈ నెలాఖరులోగా సూచన పలకమీద అంటింతుము. ఒక బామ్మ నలుగురి పిల్లలను బస్సులో తీసికొనిపోగలిగిన, మూడు బండ్లు ఆ సాయంకాలము ఇంటనే ఉండును. ఆటో కిరాయి మాటలాడుటకు వచ్చే ఆదివారము ఉదయము పది గంటలకు ఇదే మంటపములో ఆటోల వారిని కూడ రమ్మన్నాము. తల్లిదండ్రులు తప్పక రావలెను. సాయంకాలము మరియొక బస్సు వేయుమని రవాణా సంస్థ వారికి వ్రాసిన అర్జీ గుమాస్తాగారి బల్లమీద ఉన్నది. ఇంటికి పోవునప్పుడు దానిమీద సంతకము చేసి పోవుడు; తెలుగులో చేసినను చెల్లును.